ఎదిగిన పిల్లలతో ట్రినిడాడ్ వెళ్లొచ్చాక

సంపాదకులకు నమస్కారం.

మీ ఉత్తరాల పేజీలో ఈ మధ్య గుంటూరు నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం చదివాను. పిల్లలు ఇంటర్ దాటాక వాళ్లతో కలిసి యాత్రలకు వెళ్లడం దండగ, ఎక్కడికి తీసుకెళ్లినా ఫోన్లో తల దూర్చి కూర్చుంటారు, ఆ డబ్బేదో వాళ్ల చదువుకే దాచుకోవడం మేలు అని రాశారు. ఆయన బాధ నాకు బాగా తెలుసు. మా ఇంట్లో రెండేళ్లు అదే బాధ పడ్డాం. కానీ ఆయన చివరికి తేల్చిన మాటతో మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను. 2025 మే నెలాఖరులో మా ఇద్దరు పిల్లలతో కరీబియన్ సముద్రంలోని ట్రినిడాడ్, టొబాగో దీవులకు వెళ్లొచ్చాం. ఆ తొమ్మిది రోజుల గురించి ఆయనకూ, ఆయనలాగే అనుకుంటున్న మిగతా తల్లిదండ్రులకూ చెప్పాలనిపించి రాస్తున్నాను. ఉత్తరం పొడవైంది. వీలైతే కత్తిరించకుండా వేయండి.

మాది కాకినాడ దగ్గర తాళ్లరేవు. పెళ్లయ్యాక అమెరికా వచ్చాను. న్యూజెర్సీలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తున్నాను. మా ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమ్మాయికి 20 ఏళ్లు, కాలేజీలో చదువుతోంది. అబ్బాయికి 17. చిన్నప్పుడు ఇద్దరూ కారెక్కమంటే చాలు, ఎక్కడికని కూడా అడిగేవాళ్లు కాదు. పదో క్లాసు దాటేసరికి అంతా మారిపోయింది. అంతకుముందు ఏడాది వేరే కరీబియన్ దీవిలో అన్నీ కలిపిన ప్యాకేజీ ఒకటి తీసుకున్నాం. చేతికి రంగు పట్టీ కట్టారు. ఏం తిన్నా, ఏం తాగినా డబ్బు అడగరు. అబ్బాయి రోజూ 11 దాకా పడుకునేవాడు. అమ్మాయి ఈత కొలను పక్కన పుస్తకం పట్టుకుని కూర్చునేది. నాలుగో రోజు నేను ఉండబట్టలేక, ఇంత ఖర్చు పెట్టి తీసుకొస్తే మొహం అలా పెడతావేంటని అడిగాను. "అమ్మా, మనం వచ్చింది ఏ దేశమో ఈ గేటు దాటితే కదా తెలిసేది" అంది. కోపం రావాల్సింది. రాలేదు. ఎందుకంటే ఆ నాలుగు రోజుల్లో ఆ దేశపు మనిషితో మేం మాట్లాడిన మాటలన్నీ కలిపితే "థాంక్యూ" దాటలేదు.

అందుకే ఈసారి చోటు ఎంచుకునే పని పిల్లలకే ఇచ్చాం. బడ్జెట్ ఇంత, రోజులు ఇన్ని అని మాత్రం మేం చెప్పాం. అమ్మాయి వెంటనే ట్రినిడాడ్ అంది. కాలేజీ హాస్టల్లో తన గదిలో ఉండే అమ్మాయి వాళ్లది ఆ దీవే. వాళ్ల ముత్తాతల ముత్తాతలు బిహార్ నుంచి చెరుకు తోటల్లో కూలికి వెళ్లినవాళ్లు. ఆ పిల్లకు హిందీ రాదు. కానీ పప్పుకు తాలింపు పెట్టడాన్ని చుంకే అంటుందట. మా అమ్మాయికి అదే వింతగా ఉంది. భాష పోయింది, తాలింపు మిగిలింది, అదెలా అని.

మా ఆయన ఇంటర్నెట్లో చూసి భయపడ్డారు. ఆ దేశంలో ముఠాల హత్యలు పెరిగి 2024 డిసెంబరు చివర్లో అత్యవసర పరిస్థితి పెట్టారు. ఏప్రిల్‌లో ఎత్తేశారు. అమెరికా ప్రభుత్వం జాగ్రత్తలు చెబుతూనే ఉంది. రెండు వారాలు ఇంట్లో ఒకటే టెన్షన్. చివరికి పిల్లలతో కూర్చుని నియమాలు రాసుకున్నాం. రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో చీకటి పడ్డాక తిరగకూడదు. రాత్రి ఎక్కడికైనా వెళ్లాల్సి వస్తే తెలిసిన డ్రైవరుతోనే వెళ్లాలి. ఎవరూ ఒంటరిగా బయటికి పోకూడదు. రూల్స్ వాళ్లతో కలిసి రాసుకున్నాం కాబట్టి తొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా వాటి మీద గొడవ రాలేదు. ఇది ఆ గుంటూరు తండ్రికి ప్రత్యేకంగా చెబుతున్నాను.

పనులు కూడా పంచుకున్నాం. ఎక్కడికి వెళ్లాలో, ఏ రోజు ఏది తెరిచి ఉంటుందో అమ్మాయి చూస్తుంది. కారు, భోజనం, ఖర్చుల లెక్క వాడిది. వాడి బడికి నాలుగు రోజులు సెలవు పెట్టించాం. శనివారం రాత్రి పియార్కో విమానాశ్రయంలో దిగాం. ముందే డబ్బు కట్టిన అద్దె కారు కంపెనీ కౌంటరు దగ్గరికి వెళ్తే మీ పేరున కారు లేదన్నారు. రసీదు చూపిస్తే, పొద్దున రండి, అప్పుడు చూద్దాం అన్నారు. మా ఆయన గొంతు పెంచబోతుంటే వాడు భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. పక్కకు వెళ్లి మేం దిగాల్సిన గెస్ట్ హౌస్ ఆవిడకు ఫోన్ చేసి, ఆవిడకు తెలిసిన డ్రైవరును పిలిపించాడు. కౌంటరు అబ్బాయితో కారు లేదని కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించాడు. ఆ కాగితం వల్లే తర్వాత మా డబ్బు తిరిగొచ్చింది. వాడిలో ఈ నిదానం ఉందని ఇంట్లో ఉన్నన్నాళ్లూ నాకు తెలియలేదు. తెలిసే అవకాశం మేం ఇవ్వలేదు.

మర్నాడు వేరేచోట కారు దొరికింది. అక్కడ మనలాగే ఎడమ పక్కన నడుపుతారు. చాలా ఏళ్ల తర్వాత మా ఆయన చేతులు కాకినాడ అలవాటులోకి వచ్చేశాయి.

పొద్దున్నే రోడ్డు పక్కన డబుల్స్ తిన్నాం. రెండు మెత్తటి బారాలు, అంటే నూనెలో వేయించిన చిన్న రొట్టెలు, మధ్యలో ఉడికించిన శనగల కూర, పైన చింతపండు పులుపు, దోసకాయ తురుము, మిరప సాస్. కాగితంలో మడిచి చేతిలో పెడతారు. అందరూ నిలబడే తింటారు. పనికి వెళ్లేవాళ్లు, పోలీసులు, చర్చికి బయల్దేరిన ముసలమ్మలు, అందరూ ఒకే వరుసలో. కారం ఎంతని అడిగితే "స్లైట్" అనాలి. మా వాడు గుంటూరు మిర్చి తిన్న కడుపు నాదని "హెవీ" అన్నాడు. 2012లో ప్రపంచంలోకెల్లా ఘాటైనదని తేల్చిన మొరూగా స్కార్పియన్ మిరప ఆ దీవిదే. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా మొత్తం తిని ఇంకొకటి అడిగాడు.

ఆ మధ్యాహ్నం మరాకస్ బీచ్‌లో మాత్రం గొడవైంది. కొండల మధ్య వంపు తిరిగిన ఇసుక, కొబ్బరి చెట్లు, చూడటానికి ఎంతో శాంతంగా ఉంటుంది. కానీ అలల లాగుడు ఎక్కువ. ఎక్కడ దిగవచ్చో జెండాలు పాతి లైఫ్‌గార్డులు కాపలా కాస్తారు. వాడు జెండాలు దాటి వెళ్లాడు. లైఫ్‌గార్డు విజిల్ వేశాడు. నేను ఒడ్డున నిలబడి అరిచాను. వాడు వెనక్కి వచ్చి సాయంత్రం దాకా మాట్లాడలేదు. అందరి ముందూ అరిచానని వాడి కోపం. సముద్రం పక్కన పుట్టి పెరిగిన దాన్ని నేను, నీళ్లు మనిషిని ఎలా లాక్కుపోతాయో చూసినదాన్ని. ఆ సంగతి వాడికి ఎప్పుడూ చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ రాత్రి చెప్పాను. నా చిన్నప్పుడు మా వీధిలో ఇద్దరన్నదమ్ములు వేటకు వెళ్లి తిరిగి రాలేదు. వాళ్ల అమ్మ నెల రోజులు రేవులో కూర్చుంది. వాడు అంతా విని, "ఇది ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు. చిన్నపిల్లలకు వద్దంటే సరిపోతుంది. పెద్దవాళ్లకు కారణం చెప్పాలి, అదీ మన బతుకులోంచి చెప్పాలి.

సోమవారం రాత్రి తూర్పు తీరాన మటూరా బీచ్‌కు వెళ్లాం. మార్చి నుంచి ఆగస్టు దాకా అక్కడికి లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ నెలల్లో పర్మిట్ లేకుండా ఆ ఇసుక మీద అడుగు పెట్టనివ్వరు. ఊరివాళ్లే గైడ్లు. ఒకప్పుడు ఆ ఊళ్లలోనే తాబేళ్లను మాంసానికి కొట్టేవాళ్లు. 1990 నుంచి అక్కడి యువకులు కాపలా మొదలుపెట్టారు. తాబేళ్ల వేటను దేశమంతా పూర్తిగా నిషేధించింది 2011లో. మాకు వచ్చిన గైడు ఒక ఆడమనిషి, నా వయసే ఉంటుంది. చేతిలో ఎర్ర లైటు. తెల్ల లైటు పడితే తాబేలు బెదిరి వెనక్కి పోతుందట. ఫోన్లు అన్నీ సంచిలో వేయించింది. మా పిల్లలు కిక్కురుమనకుండా వేశారు.

చీకట్లో ఇసుకలో అరగంట నడిచాం. నా చెయ్యి పట్టుకుని నడిపించింది వాడే, ముందు రోజు మాట్లాడనివాడు. అప్పుడు కనిపించింది. ముందు రాయనుకున్నాను. అయిదడుగులు దాటిన ఒళ్లు. ఈ జాతి తాబేలుకు వీపు మీద గట్టి డిప్ప ఉండదు, నల్లటి దళసరి తోలు, దాని మీద నిలువు గట్లు. బరువు వందల కిలోలు ఉంటుంది. వెనక కాళ్లతో, అచ్చం మనిషి దోసిలి పట్టినట్టు, కొంచెం కొంచెంగా ఇసుక తీసి పక్కన పోస్తోంది. గుడ్లు పెట్టడం మొదలుపెట్టాక దానికి ఇక లోకం పట్టదట. అప్పుడు మమ్మల్ని దగ్గరికి రానిచ్చారు. కంటి నుంచి చిక్కటి నీరు కారుతోంది. ఒంట్లో ఎక్కువైన ఉప్పు అలా బయటికి పోతుందని గైడమ్మ చెప్పింది. కారణం అదే అయినా, ఇద్దరు పిల్లల తల్లిగా నేను దాన్ని ఏడుపుగానే చూశాను. అమ్మాయి నా పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. గంటసేపు ఎవరూ మాట్లాడలేదు. గుడ్లు కప్పిపెట్టి, జాడ తెలియకుండా ఇసుకంతా చిందరవందర చేసి, అది మెల్లగా నీళ్లలోకి వెళ్లిపోయింది.

తిరిగి వస్తుంటే వాడు అడిగాడు, మన ఊళ్లో కూడా తాబేళ్లు వస్తాయి కదమ్మా అని. వస్తాయి. కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ప్రతి ఏటా గుడ్లు పెడతాయి. నేను అక్కడే పుట్టి ఒక్కసారి కూడా చూడలేదు. వచ్చే చలికాలం ఊరెళ్లినప్పుడు చూపించాలని మాటిచ్చాను.

టొబాగోలో రెండు రోజులు ఉన్నాం. అక్కడ నేను కావాలనుకున్న సెలవు దొరికింది. అద్దం అడుగున్న పడవలో బక్కూ పగడపు దిబ్బలు చూశాం. ఒడ్డుకు అంత దూరంలో, సముద్రం మధ్యన నడుము లోతు నీళ్లుండే నైలాన్ పూల్‌లో ఆడుకున్నాం. మెయిన్ రిడ్జ్ అడవిలో నడిచాం. వానలు పడాలంటే అడవి ఉండాలని 1776లోనే చట్టం చేసి కాపాడుకున్న అడవి అది. అంతకంటే ఎక్కువ చెప్పను, టొబాగో అందం గురించి చాలామంది రాశారు.

గురువారం సాయంత్రం కరోనీ మడ అడవిలో పడవెక్కాం. అక్కడ నేను మాట్లాడలేకపోయాను. నీళ్లలోకి వంగిన వేళ్లు, బురద వాసన, వేళ్ల మీద ఎండ్రకాయలు, అన్నీ మా ఊరి దగ్గరి కోరింగ (కోరంగి) మడ అడవిలాగే ఉన్నాయి. తాళ్లరేవులో మా ఇంటి నుంచి సైకిలు మీద వెళ్లేవాళ్లం. చెట్ల పైన కొమ్మకు చుట్టుకుని పాము పడుకుని ఉంటే పడవవాడు చూపించాడు. పొద్దు వాలాక ఎర్ర ఐబిస్ పక్షులు రావడం మొదలైంది. ముందు మూడు, తర్వాత పది, తర్వాత లెక్క తెలియలేదు. ఎదురుగా ఉన్న లంక చెట్లన్నీ మోదుగు పూసినట్టు ఎర్రబడ్డాయి. పుట్టినప్పుడు ఆ పక్షులు బూడిద రంగులో ఉంటాయట. ఎండ్రకాయలు, రొయ్యలు తిని తిని ఎర్రబడతాయి. అమ్మాయి ఫోన్ తీసి మా అమ్మకు వీడియో కాల్ చేసింది. తాళ్లరేవులో అప్పుడు తెల్లవారుజాము. అమ్మ నిద్రలేచి చూసి, "ఇది మన కోరంగి కాదటే! మడలు అచ్చం మనయ్యే" అంది.

మే 30 ఆ దేశంలో సెలవు. ఇండియన్ అరైవల్ డే. 1838 నాటికి ఆంగ్లేయుల చెరుకు తోటల్లో ఆఫ్రికా బానిసలు పూర్తిగా విడుదలయ్యారు. తోటల పనికి మనుషులు కావాల్సి వచ్చింది. 1845 ఫిబ్రవరి 16న కలకత్తాలో బయల్దేరిన ఫతెల్ రజాక్ అనే ఓడ 103 రోజుల తర్వాత, మే 30న, 225 మందితో ట్రినిడాడ్ చేరింది. అయిదేళ్ల ఒప్పందం మీద కూలి. 1917లో ఆ పద్ధతి ఆగేనాటికి లక్షా నలభై వేలకు పైగా భారతీయులు ఆ దీవికి వెళ్లారు. ఇప్పుడు సుమారు 14 లక్షల జనాభాలో మూడో వంతుకు పైగా వాళ్ల సంతానమే. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లారు కాబట్టి అక్కడ మిగిలినవన్నీ భోజ్‌పురి మాటలు. కానీ మద్రాసు రేవు నుంచీ ఓడలు వెళ్లాయి. మద్రాసు ప్రెసిడెన్సీ అంటే మన గంజాం నుంచి రాయలసీమ దాకా అంతా అందులోదే. అక్కడికి చేరాక తమిళులూ, తెలుగువాళ్లూ అందరూ కలిసి ఒక్కటే మాట అయిపోయారు. మద్రాసీ.

ఆ రోజు వాటర్లూ అనే ఊళ్లో సముద్రం మధ్య గుడికి వెళ్లాం. శివదాస్ సాధు అనే చెరుకు తోట కూలీ 1947లో ఒడ్డున చిన్న గుడి కట్టాడు. నేల చక్కెర కంపెనీది. 1952లో గుడి పడగొట్టి, ఆయన్ను జైల్లో పెట్టి, జరిమానా వేశారు. బయటికొచ్చి, భూమి మీద హక్కు లేకపోతే సముద్రంలో కడతానన్నాడు. పోటు లేనప్పుడు సైకిలు మీద రాళ్లు, సిమెంటు, బకెట్లు మోసుకుంటూ వెళ్లి తీరం నుంచి దారి వేస్తూ ఏళ్ల తరబడి కట్టాడు. 1995లో, ఓడ వచ్చి 150 ఏళ్లయిన సందర్భంగా, ప్రభుత్వమే దాన్ని బాగు చేయించింది. మా వాడు ఆ రాతి కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు అడుగులు లెక్కపెడుతూ నడిచాడు. బకెట్‌కు ఎన్ని రాళ్లు పడతాయి, రోజుకు ఎన్ని బకెట్లు మోయగలడు అని ఫోన్లో లెక్కలు వేశాడు. ఫోన్ పట్టుకున్న పిల్లాడిని చూసి నాకు సంతోషం వేసిన రోజు అది.

అక్కడికి దగ్గర్లోనే కారాపిచైమాలో 85 అడుగుల హనుమంతుడు. మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన మైసూరు దత్తపీఠం వాళ్ల ఆశ్రమం అది. దారి పొడుగునా ఇళ్ల ముందు వెదురు గడలకు ఎర్ర, పసుపు జెండాలు కట్టి ఉన్నాయి. పూజ చేసినప్పుడల్లా ఒకటి పాతుతారట. ఎక్కడో తాషాల మోత. మా ఊళ్లో పెళ్లి ఊరేగింపుల్లో విన్న తాషాలే, అక్కడ టాసా అంటారు. శాన్ ఫెర్నాండో దాటాక ఒక ఊరి పేరు చూసి మా ఆయన కారు పక్కకు తీసి ఆపేశారు. గోల్కొండ. నలుగురం ఆ బోర్డు కింద నిలబడి ఫోటో తీసుకున్నాం. ఆ చుట్టుపక్కల ఒకప్పుడంతా చెరుకే. 2003లో ప్రభుత్వ చక్కెర కంపెనీ మూసేశాక వేలమంది పని పోయింది.

మధ్యాహ్నం భోజనం అమ్మాయి స్నేహితురాలి నానమ్మ ఇంట్లో. ఆజీ అంటారు. సోహరీ అనే వెడల్పాటి ఆకుల్లో వడ్డించారు. పప్పు కూరిన పూరీలు, మామిడికాయ కూర, గుమ్మడికాయ, నిప్పుల మీద కాల్చిన వంకాయ మెదిపి వెల్లుల్లి తాలింపు పెట్టిన చోకా. చేమాకుతో భాజీ. మా పిల్లలు చాలాసేపు మాట్లాడకుండా తిన్నారు. మీది ఇండియాలో ఎక్కడని ఆజీ అడిగింది. ఆంధ్ర అంటే ఆవిడకు తెలియలేదు. మద్రాసు వైపు అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. "మా ఆయన వాళ్ల అమ్మమ్మ మద్రాసీయే" అంది. ఆవిడ పేరేంటని అమ్మాయి అడిగింది. ఆజీ చాలాసేపు ఆలోచించింది. లోపలున్న చెల్లెలిని పిలిచి అడిగింది. ఇద్దరికీ తెలియదు. మద్రాసీ నానీ అనే పిలిచేవాళ్లట. నలుగురు పిల్లల్ని కన్నది, తోటలో నలభై ఏళ్లు చెరుకు కొట్టింది, ఇంట్లో ఎవరితోనూ తన భాష మాట్లాడుకోలేకపోయింది. పేరు లేదు. తమిళ మనిషో, తెలుగు మనిషో చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. అమ్మాయి తింటున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

శనివారం, వచ్చే ముందు రోజు, నెల్సన్ ఐలాండ్‌కు పడవలో వెళ్లాం. 1866 నుంచి 1917 దాకా ఓడ దిగిన కూలీలను ముందు ఆ చిన్న దీవిలోనే దించేవాళ్లు. జబ్బులు చూసి, తేరుకోనిచ్చి, తోటలకు పంచేవాళ్లు. మేం ఉండే చోటికి దగ్గర్లోనే ఎల్లిస్ ఐలాండ్ ఉంది, అక్కడ వలసవాళ్ల పేర్లు కంప్యూటర్లో వెతుక్కోవచ్చు. నెల్సన్‌లో ఖాళీ రాతి గోడలు, గాలి, పక్షులు. మాతో వచ్చిన గైడు దగ్గర ఒక వలస పాసు నకలు ఉంది. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. చివరి గడి చూసి మా వాడు, "అమ్మా, నీ టెన్త్ సర్టిఫికెట్లో పుట్టుమచ్చలు రాసినట్టే ఉంది" అన్నాడు. ఈ రికార్డులను 2011లో యునెస్కో తన ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. అంటే ఎక్కడో ఒక రిజిస్టరులో మద్రాసీ నానీ పేరు ఉండే ఉంటుంది. ఆవిడ మోచేతి మీద మచ్చ కూడా ఉండి ఉంటుంది. కానీ ఏ పేరు కోసం వెతకాలో ఇంట్లోవాళ్లకు తెలియదు.

మేం తిరిగొచ్చిన నెల రోజులకు, 2025 జూలైలో, ట్రినిడాడ్‌లో ఆరో తరం వరకూ, విదేశాల్లో ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డులు ఇస్తామని మన ప్రధాని అక్కడికి వెళ్లి ప్రకటించారు. నాకు ముందు ఆజీ గుర్తొచ్చింది.

గెస్ట్ హౌస్‌కు వచ్చాక అమ్మాయి మళ్లీ మా అమ్మకు ఫోన్ చేసింది. "అమ్మమ్మా, మనింట్లో ఎవరైనా ఓడెక్కి వెళ్లిపోయారా?" అని అడిగింది. అమ్మ వెంటనే, "మా తాత తమ్ముడు రంగం పోయాడంట బంగారం, మళ్లీ రాలేదు" అంది. రంగం అంటే బర్మాలోని రంగూన్. నాకు 47 ఏళ్లు. ఈ మాట మొదటిసారి విన్నాను. పేరేంటని అడిగితే అమ్మకు తెలియలేదు.

గుంటూరు తండ్రి గారికి నేను చెప్పదలచుకున్నది ఇదే. చిన్నపిల్లలతో వెళ్తే మనం చూపించినవి చూస్తారు. పెద్దపిల్లలతో వెళ్తే మనం ఎప్పుడూ అడగని ప్రశ్న అడుగుతారు. నా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ట్రినిడాడ్ వెళ్లి ఉంటే నైలాన్ పూల్ ఒక్కటే గుర్తుండేది. దానికి ట్రినిడాడ్ దాకా వెళ్లక్కర్లేదు. కోరింగ వెళ్లండి. భీమిలి డచ్చి సమాధుల దగ్గరికి వెళ్లండి. మోటుపల్లి పాత రేవుకు వెళ్లండి. ఎక్కడికో వాళ్లనే తేల్చమనండి, కారు ఎక్కడ దొరుకుతుందో వాళ్లనే చూడమనండి. రెండు గదులు తీసుకోండి, ఒకే గదిలో నలుగురూ ఇరుక్కుంటే మూడో రోజుకు పోట్లాటలే.

మీకు కూడా ఒక విన్నపం ఉంది సంపాదకులు గారూ. మారిషస్‌లో తెలుగువాళ్లను కోరంగీలు అనేవాళ్లు, మా ఊరి పక్కనున్న కోరంగి రేవు పేరుతోనే. దక్షిణాఫ్రికాలోని నాటాల్, ఫిజీ, బర్మా, ఇన్ని చోట్లకు మన రేవుల నుంచి మనుషులు వెళ్లారు. నేను తాళ్లరేవు హైస్కూల్లో పది దాకా చదివాను. మూడు మైళ్ల దూరంలో ఉన్న ఆ రేవు గురించి ఒక్క పాఠం కూడా చదవలేదు. మీకు ప్రతి మండలంలో విలేకరి ఉన్నారు. ఓడెక్కి తిరిగి రాని వాళ్ల పేర్లు పాఠకులను పంపమని అడగండి. వారానికి పది పేర్లు వేసినా చాలు. ఆ పేర్లు గుర్తున్న వాళ్లందరికీ ఇప్పుడు ఎనభై దాటింది.

జూన్ మూడో వారంలో అమ్మ ఫోన్ చేసింది. పోలేకుర్రులో ఉన్న మా పెద్దమ్మ దగ్గరికి ఆటో కట్టించుకుని వెళ్లి అడిగిందట. పెద్దమ్మకు 88 ఏళ్లు. ఆవిడకు గుర్తుంది. మా అమ్మాయి నెల్సన్ ఐలాండ్ పాసులో ఉన్నట్టే నోటు పుస్తకంలో గడులు గీసి రాసుకుంది. పేరు వీర్రాజు. తండ్రి పేరు సత్తియ్య. ఊరు తాళ్లరేవు. వయసు, ఓడెక్కేనాటికి ఇరవై లోపు. ఎత్తు దగ్గర ఏమీ రాయలేదు. ఒంటి మీద గుర్తులు, కుడి కనుబొమ్మ మీద గాటు, చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడ్డప్పటిది.

ఆ పేజీ ఫోటో ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మొదటి పేరుగా వేసుకోండి.

ఇట్లు,
తాళ్లరేవు ఆడపడుచు,
న్యూజెర్సీ